పెట్టె చవకే, పాఠం ఏ భాషలో?

పిల్లవాడి చేతిలో కంప్యూటరు పెడితే చాలు, చదువు దానంతటదే వస్తుందనే వాళ్లు ఇంకా ఉన్నారు. 2005లో అమెరికా ఆచార్యుడు నికోలస్ నెగ్రొపాంటే బీద దేశాల పిల్లలకు వంద డాలర్ల ల్యాప్‌టాప్ తెస్తానన్నప్పటి నుంచీ ఈ మాటకు మంత్రబలం వచ్చింది. 2007లో అది తయారై వచ్చేసరికి వంద కాస్తా దాదాపు 190 అయింది. పోనీండి, పేదవాడికిస్తామన్న వస్తువు ఎప్పుడు చెప్పిన ధరకు దొరికింది కనుక?

దాన్ని అందరికన్నా ఎక్కువగా కొన్న దేశం పెరూ. 2012 నాటికి 8 లక్షల పైచిలుకు పెట్టెలు కొని, కొండల్లోని ఏకోపాధ్యాయ బడులకు సైతం పంపింది. ఆ ఏడే ఇంటర్ అమెరికన్ అభివృద్ధి బ్యాంకు పరిశోధకులు 319 గ్రామీణ బడులను పరిశీలించి ఏం తేల్చారు? పెట్టెలు చేరాయి, పిల్లలు వాడారు, లెక్కల్లోనూ భాషలోనూ మాత్రం మార్కులు పెరగలేదు. (ఆలోచనాశక్తిని కొలిచే పరీక్షల్లో కొంత మెరుగు కనిపించిందనీ రాశారు. దాచడమెందుకు?) వాటితో పాఠమెలా చెప్పాలో పంతుళ్లకు సరిగా చెప్పినవాళ్లు లేరు. నాకు తోచే కారణం ఇంకొకటుంది. ఆండీస్ కొండల్లో ఎందరో పిల్లల ఇంటి భాష క్వెచువా; పెట్టెలో ఎక్కించిన పుస్తకాలు చాలావరకు స్పానిష్. పరాయి భాషలో పలక మీద రాని చదువు తెర మీద వస్తుందా?

ఈ కథ హోసూరు, కృష్ణగిరి తెలుగువాళ్లకు కొత్తది కాదు. తమిళనాడు ప్రభుత్వం 2011లో ప్లస్ టూ పిల్లలకు ఉచిత ల్యాప్‌టాప్‌లు పంచడం మొదలుపెట్టింది. పేదింటి పిల్లకు అది చిన్న వస్తువు కాదు, కాదనను. కానీ తమిళాన్ని ఒకటో తరగతి నుంచి తప్పనిసరి చేసిన చట్టం 2006లోనే వచ్చింది. ఒకటో తరగతిలో ఇంటి భాషను వెనక్కి నెట్టి, ప్లస్ టూలో చేతికి యంత్రమిస్తే లెక్క సరిపోతుందా? ప్రాథమిక దశలో అల్పసంఖ్యాక భాషల పిల్లలకు మాతృభాషలో బోధన సౌకర్యం కల్పించాలని రాజ్యాంగం 350-ఎ అధికరణంలో 1956 నుంచీ ఉంది. తెలుగు పంతులు రిటైరైతే ఆ కుర్చీ ఎన్నాళ్లు ఖాళీగా ఉంటుందో మనకు తెలియనిదా?

ప్రభుత్వాన్ని తిట్టి చేతులు దులుపుకోవడం సులువు. తెలుగు కంప్యూటరుకెక్కదనే సాకు ఏనాడో చెల్లిపోయింది. 1991లోనే యూనికోడ్‌లో మన లిపికి చోటు దొరికింది. నెగ్రొపాంటే పెట్టెలో నడిచిన ‘షుగర్’ స్వేచ్ఛా సాఫ్ట్‌వేరు, ఎవరైనా తమ భాషలోకి మార్చుకోవచ్చు, ఎవరి అనుమతీ అక్కర్లేదు. మరి మన సంఘాలేం చేస్తున్నాయి? ఉగాదికి పందిరి, వేదిక మీద పదిమంది పెద్దలు, తలా ఒక శాలువా. ఆ శాలువాలు కప్పుకున్నవాళ్లలో ఎందరి మనవలకు తెలుగు చదవడం వచ్చో అడిగితే కోపాలొస్తాయి.

వచ్చే జూన్‌లో బళ్లు తెరిచేలోగా మూడో తరగతి తెలుగు వాచకాన్నీ లెక్కల పుస్తకాన్నీ, హోసూరు పిల్లల నోట ఆడే తెలుగులో, వినడానికీ చూడడానికీ వీలుగా తెర మీదికి తేవచ్చు. కావలసింది రిటైరైన పంతుళ్లు ఇద్దరు, కంప్యూటరు తెలిసిన కుర్రాడొకడు, ఒక ఉగాది పందిరి ఖర్చు.