దయా బోనెక్కాడు సరే, తర్వాత?

‘టెంపర్’ అనగానే మనకి ముందు గుర్తొచ్చేది కోర్టు సీనే. 2015లో వచ్చిన ఈ పూరి జగన్నాథ్ సినిమాలో ఎన్టీఆర్ వేసిన ఎస్సై దయా, లంచాలు మరిగిన మనిషి. చివరికి మారతాడు. కానీ ఓ అమ్మాయిని చెరిచి చంపిన వాల్తేరు వాసు తమ్ముళ్ళ మీద కేసు కోర్టులో నిలబడట్లేదు. అప్పుడు తానూ ఆ నేరంలో ఉన్నానని బోనెక్కి అబద్ధం చెప్తాడు. వాళ్ళతో పాటు తనకీ ఉరిశిక్ష!

ఇదే కథ హిందీలో ‘సింబా’ (2018), తమిళంలో ‘అయోగ్య’ (2019) అయింది. ముగింపులు మాత్రం మూడూ మూడు రకాలు. సింబాలో నిందితుల్ని పోలీస్ స్టేషన్లోనే కాల్చేసి, ఎన్‌కౌంటర్ అంటారు. టెంపర్లో దయా చివరికి ఉరి తప్పించుకుంటాడు. అయోగ్యలో విశాల్ నిజంగానే ఉరికంబం ఎక్కుతాడు.

నా ఓటు అయోగ్యకే. హీరో చచ్చిపోవాలని కాదండీ. తుపాకీ పేల్చడానికి పోలీసు మారక్కర్లేదు, పాత దయా కూడా పేల్చగలడు. తన తప్పులకి తనే మూల్యం కట్టడానికే మారాలి.

‘మరి అబద్ధపు సాక్ష్యం మాటేంటి?’ అంటారా? కరెక్టే. మంచి పోలీసు వాడిన అబద్ధాన్నే రేపు చెడ్డ పోలీసు మన మీద వాడొచ్చు. అందుకే అది చవగ్గా దొరక్కూడదు. దయాని వదిలేసి టెంపర్ దాన్ని చవక చేసేసింది.

ఇది సినిమాతో పోయేదైతే ఇంత రాయను. 2019 డిసెంబర్ 6న చటాన్‌పల్లి దగ్గర ‘దిశ’ కేసు నిందితులు నలుగురూ పోలీసు కాల్పుల్లో చనిపోతే, జనం పోలీసుల మీద పూలు చల్లారు. వాళ్ళని చంపాలనే కాల్చారని 2022లో సిర్పూర్కర్ కమిషన్ తేల్చింది. అప్పటికి చప్పట్లు ఎప్పుడో అయిపోయాయి. ఆ నలుగురూ దోషులో కాదో తేల్చే విచారణ మాత్రం ఇక ఎప్పటికీ జరగదు.

ఢామ్మని ముగిసే కథల సంగతి ఏలూరు, గూడెం వాళ్ళకి వేరే చెప్పాలా? 2006లో కొల్లేటిలో అక్రమ చేపల చెరువుల గట్లు పేల్చేశారు. క్లైమాక్స్ అయిపోయిందనుకున్నారు. తర్వాత చెరువులు మళ్ళీ లేచాయి.

ఈసారి టెంపర్ చూసినప్పుడు దయా బోనెక్కే దగ్గర ఈల వేయండి, నేనూ వేస్తా. తర్వాత అతన్ని ఎందుకు వదిలేశారో కూడా అడగండి.