వాగు తన దారి మరిచిపోదు

పేరు రాళ్లవాగు. ఎండాకాలంలో చూస్తే ఆ పేరు ఎవరు పెట్టారోగానీ సరిగ్గానే పెట్టారనిపిస్తుంది. మంచిర్యాల ఇళ్లను ఒరుసుకుంటూ పోయి గోదావరిలో కలిసే ఈ చిన్న వాగును, వంతెన మీద వెళ్లేవాళ్లు తలతిప్పి కూడా చూడరు. దాని ఒడ్డున ఉండేవాళ్లు మాత్రం వానాకాలం వచ్చిందంటే రాత్రిళ్లు లేచి మరీ చూస్తారు.

వాగు స్వభావం జైనూర్ లాంటి కొండ ఊళ్లవాళ్లకు ఒకరు చెప్పక్కర్లేదు. ఎగువన వాన దంచితే గంటల్లో పొంగుతుంది. వాన వెలిస్తే అంతే తొందరగా తీస్తుంది. పొంగినప్పుడు ఇవతలి గట్టున ఆగిపోతే చాలు. పట్నంలో ఆ వీలుండదు. జాగా చవగ్గా దొరికేది వాగు పక్కనే కాబట్టి, పేదవాడి ఇల్లు అక్కడే లేస్తుంది.

పైగా పెద్ద నది పక్కనుండే వాగుకు మరో చిక్కు ఉంది. నది నిండుగా పారుతుంటే వాగునీరు అందులో కలవలేదు. ఎదురుతన్ని ఇళ్ల మీదికి మళ్లుతుంది. అలాంటప్పుడు ఊళ్లో చినుకు పడకపోయినా ముంపు తప్పదు.

2022 జులైలో జరిగింది ఇదే. కడెం ప్రాజెక్టుకు 5 లక్షల క్యూసెక్కులకు పైగా వరద వచ్చింది. దాని గేట్లు వదలగలిగేది సుమారు 3 లక్షలే! ఆ నీరూ, ఎగువ గోదావరి నీరూ కలిసి ఎల్లంపల్లి దాటి మంచిర్యాల మీదికి వచ్చాయి. రాళ్లవాగు వెనక్కి తన్నింది. ఎన్టీఆర్ నగర్ మునిగింది. నది ఒడ్డున కట్టిన మాతాశిశు ఆసుపత్రిలోకి నీళ్లు రావడంతో బాలింతలనూ పసికందులనూ వేరేచోటికి తరలించాల్సి వచ్చింది.

2024 సెప్టెంబరులో విజయవాడలోనూ ఇలాంటి కథే. ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణమ్మ 11.43 లక్షల క్యూసెక్కులతో పరుగెడుతుంటే, బుడమేరు నీటిని కృష్ణలోకి మళ్లించే కాలువకు గండ్లు పడ్డాయి. సింగ్‌నగర్ రోజుల తరబడి నీళ్లలోనే ఉండిపోయింది.

వాగును పూడ్చిన ఊళ్లు మళ్లీ దానికి దారి ఇవ్వలేవా అంటే, ఇచ్చినవాళ్లూ ఉన్నారు. దక్షిణ కొరియా రాజధాని సియోల్‌లో చంగ్యేచన్ అనే వాగు మీద రోడ్డు వేశారు. ఆపైన ఫ్లైఓవరూ కట్టారు. 2003లో వాటిని తొలగించడం మొదలుపెట్టి, 2005 నాటికి దాదాపు 6 కిలోమీటర్ల వాగును మళ్లీ వెలుగులోకి తెచ్చారు.

అంత పెద్ద పని ప్రభుత్వాలది. మన చేతిలో ఉన్నవీ కొన్ని లేకపోలేదు. చెత్త సంచిని వాగులోకి విసరకపోవడం ఒకటి. ప్లాటు కొనేముందు దాన్ని వానాకాలంలో ఓసారి చూసి రావడం మరొకటి. ఆ వాడలోని పెద్దవాళ్లను, ‘నీళ్లు ఎందాక వచ్చాయి?’ అని అడిగితే ఇంకా మంచిది. కాగితాల్లో వాగు లేకపోవచ్చు. వాళ్ల జ్ఞాపకంలో తప్పకుండా ఉంటుంది.