పెట్టెను అమ్ముకోవద్దు

పల్లెలో పాతదేదీ పోవద్దని ఏడ్చేవాళ్లలో నేను లేను. మోట కొట్టిన మా తాతను అడిగితే మోటారే మేలంటాడు. ఆయన మాటే నా మాట. కాని భజన మందిరంలోని హార్మోనియాన్ని కూడా మోటతో కలిపి ఒకే లెక్కలో వేయడం న్యాయం కాదని నా అభిప్రాయం.

రామారెడ్డి దగ్గర మా ఊళ్లో ఇప్పుడు ఈ చర్చే నడుస్తున్నది. "పెట్టె ఎవరు వాయిస్తున్నరు? బేరగాడు రెండు వేలు ఇస్తా అంటున్నడు. అమ్మి, ఇంకింత జమచేసి కీబోర్డు తెద్దాం" అని కొందరు. "దాచుకోను అదేమన్న బొబ్బిలి వీణనా? కార్ఖానా సరుకే గదా!" అని మరికొందరు.

కార్ఖానా సరుకే, కాదనను. బొబ్బిలి వీణను ఒకే పనస మొద్దు నుండి తొలుస్తారు. మా పెట్టెకు ఆ గొప్ప లేదు. కాని కార్ఖానా పుణ్యాననే అది రైతుల చందాలకు అందింది. 1842లో పారిస్‌లో అలెగ్జాండర్ డెబేన్ హార్మోనియానికి పేటెంటు పొందాడు. అది కాలితో తొక్కేది. ఆ శతాబ్దం చివరన కలకత్తాలో ద్వారకానాథ్ ఘోష్ వంటివారు దాన్ని నేల మీద కూర్చొని, ఒక చేత్తో తిత్తి ఊపుతూ రెండో చేత్తో వాయించే పెట్టెగా మలిచారు. గమకం పలకదని ఆకాశవాణి 1940లో దాన్ని వెలివేసింది. 1971 దాకా తలుపు తీయలేదు. పల్లె మాత్రం ఏనాడూ వెలివేయలేదు. మా వైపు చిందు యక్షగానానికీ భజనకూ అదే ఆధారం.

సైన్సు విద్యార్థిగా ఇంకొక మాట చెబుతాను. పెట్టె మూత తీస్తే లోపల రహస్యమేమీ లేదు. తిత్తి గాలినిస్తుంది, మెట్టు నొక్కితే రంధ్రం తెరుచుకుంటుంది, ఇత్తడి రీడు కంపిస్తుంది. రీడు కొసన కొద్దిగా గీకితే శ్రుతి పెరుగుతుంది, మొదట్లో గీకితే తగ్గుతుంది. ధ్వనిశాస్త్రం పాఠమంతా కళ్లముందే ఉన్నది. కరెంటు అక్కరలేదు. తిత్తి చినిగితే అతుకు వేయవచ్చు, రీడు విరిగితే మార్చవచ్చు. కీబోర్డు లోపలి చిప్పు కాలిపోతే ఊళ్లో ఎవరు బాగుచేస్తారు?

అట్లని ప్రతి పెట్టెనూ నెత్తిన పెట్టుకోమనడం లేదు. పరీక్ష సులువే. తిత్తి నిండా గాలి నింపి, మెట్లేవీ నొక్కకుండా చూడండి. గాలి కొంతసేపు నిలిస్తే ఒళ్లు గట్టిదే. తర్వాత ఒక్కొక్క మెట్టు నొక్కి వినండి. రీడ్లు చాలావరకు పలుకుతుంటే అది ఉంచుకోదగిన పెట్టె. చెక్క పుచ్చి, గాలి నిలవక, రీడ్లు తుప్పుపట్టినదైతే పోనివ్వండి.

కీబోర్డు మీద నాకు పగ లేదు, కొనుక్కుందాం. పెట్టెను అమ్మి కొనడమే తప్పు. ఆ రెండు వేలు కొత్త పెట్టెలో ఏ మూలకూ రావు. ఎంత కరువొచ్చినా విత్తనపు వడ్లు దంచుకు తినవద్దని మా ఇంట్లో అంటారు. మందిరంలో పెట్టె ఉంటే రేపొక పిల్లవాడు ఊరికే మెట్టు నొక్కి చూస్తాడు. లేకుంటే ఆ కోరికే పుట్టదు.

మిత్రులారా, వేసవి సెలవుల్లో మీ ఊరికి పోయినప్పుడు మందిరంలోని పెట్టె మీది దుమ్ము దులపండి. వాయించ వచ్చిన పెద్దమనిషి ఉంటే పక్కన కూర్చోండి. బేరగాడు మళ్లీ వస్తాడు, అంతలోపలే కూర్చోండి.