సగం ధరకొస్తే సంబరమేనా?

సగం ధరకే స్పోర్ట్స్ కారు వస్తోందని ఇంట్లో కుర్రాళ్లు ఊరిస్తున్నారా? తొందరపడి గాజులు కుదువ పెట్టకండి. మరమ్మతు ఖర్చు బీమా విలువలో 75 శాతం దాటితే కంపెనీ ఆ బండిని ‘టోటల్ లాస్’గా లెక్కగట్టి యజమానికి డబ్బిచ్చేస్తుంది. ఆ తుక్కే చేతులు మారి, రంగులేసుకుని మళ్లీ రోడ్డెక్కుతుంది.

2020 అక్టోబరు వానలకు హైదరాబాద్‌లో కార్లు మునగడం చూశాం కదా! నీళ్లు తాగిన వైరింగు నెలల తర్వాతైనా మొరాయించొచ్చు. ఒకసారి తెరుచుకున్న ఎయిర్‌బ్యాగు మళ్లీ పనికిరాదు. కొత్తది పెట్టారో లేదో పైకి తెలియదు. అది తెలిసేది అనంతగిరి ఘాట్ మలుపులోనైతే?

వికారాబాద్‌లో కొన్నా, తాండూరులో కొన్నా పాత క్లెయిముల వివరాలు అడగండి. ఛాసిస్ నంబరు ఆర్‌సీతో సరిచూడండి. నమ్మకమైన మెకానిక్కుకు చూపించండి. అమ్మేవాడు నసిగాడా, మొహమాటం లేకుండా వద్దనేయండి. కంతులు కట్టేదీ, గుమ్మంలో ఎదురుచూసేదీ మనమే మరి!