డాక్టరు గారి పేజీ: తల్లి తిండి, బిడ్డ జన్యువు

"మా ఇద్దరి వైపులా షుగరే. పుట్టబోయే బిడ్డకూ తప్పదా డాక్టరుగారూ?" మొన్న ఉగాది భోజనాల దగ్గర ఒక సోదరి అడిగారు.

జన్యువు ఉన్నంత మాత్రాన అది పనిచేసి తీరాలని లేదు. 2003లో అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయంలో వాటర్లాండ్, జర్టిల్ అనే శాస్త్రజ్ఞులు చూలు ఎలుకలకు ఫోలిక్ ఆమ్లం, బి12, కోలిన్, బీటైన్ అదనంగా పెట్టారు. ఆ ఎలుకల వంశంలో ఒక జన్యువుంది. అది చెలరేగితే పిల్ల పసుపురంగులో పుట్టి, లావెక్కి, షుగరు తెచ్చుకుంటుంది. ఈ తిండితో గోధుమరంగు పిల్లలు మునుపటికంటే ఎక్కువగా పుట్టాయి. జన్యువు మారలేదు. దానిపై మిథైల్ అనే రసాయనపు గుంపులు అతుక్కుని నోరు నొక్కాయి, అంతే!

ఎలుక లెక్క మనిషికి అప్పగించరాదు, నిజమే. కాని 2008లో పుణె నుంచి డాక్టర్ యాజ్ఞిక్ బృందం ఒక సంగతి ప్రకటించింది. గర్భంలో ఫోలేటు ఎక్కువగా, బి12 తక్కువగా ఉన్న తల్లుల బిడ్డలకు ఆరేళ్ల వయసులో ఇన్సులిన్ సరిగా పనిచేయకపోవడం అందరికంటే ఎక్కువగా కనబడిందట. అదే కారణమని తేలలేదు. ఫోలిక్ మాత్ర మాత్రం మానకండి; బిడ్డ వెన్నుపాముకు అది రక్ష.

బి12 కూరగాయల్లో దొరకదు. పాలు, పెరుగు, గుడ్లు, మాంసం వంటివాటిలో ఉంటుంది. మా ఆవిడ శుద్ధ శాకాహారి, పాలంటే గిట్టదు. ఫోలిక్ మాత్ర రోజూ గుర్తుచేసిన నేను బి12 మాట మరిచాను. మూడో నెలలో పరీక్ష చేయిస్తే తక్కువే వచ్చింది. ఆ సోదరికి ముందు ఆ పరీక్ష సంగతే చెప్పాను.