ఎక్కువ పట్టిన మిత్తి అడగకముందే తిరిగి రావాలి

రావాల్సిన దానికంటే ఒక్క రూపాయి ఎక్కువ వసూలు చేసినా అది బ్యాంకు సొమ్ము కాదు. చదువు కోసం అప్పు చేసిన పిల్లదీ, ఆ అప్పు పత్రం మీద పక్కన వేలిముద్ర వేసిన తండ్రిదీ. దరఖాస్తు పెట్టుకుని పదిసార్లు తిరిగినవాళ్లకే ఆ డబ్బు దక్కే పద్ధతి అన్యాయం. విద్యా రుణాల విషయంలో ఈ అన్యాయానికి తెరపడాలి.

మెదక్ జిల్లా టేక్మాల్ లాంటి మండల కేంద్రంలో ఇది ఎలా ఉంటుందో దగ్గరగా చూడండి. కొడుకు హైదరాబాద్‌లో బీటెక్ చేశాడు, కొలువు దొరికింది, అప్పు తీర్చేశాడు. లోన్ ఖాతా మూసేశారు. మరుసటి నెల అయిదో తారీఖున కిస్తీ మళ్లీ కట్ అయింది. రుణం తీరినా, ఖాతా నుంచి నెలనెలా కోసుకోవడానికి ఇచ్చిన అనుమతిని ఎవరూ రద్దు చేయలేదు. తండ్రి పొలం పని మానుకుని, పాస్‌బుక్కును ప్లాస్టిక్ కవర్లో చుట్టుకుని, బస్సెక్కి లోన్ ఇచ్చిన శాఖకు పోతాడు. జోగిపేట కావచ్చు, మెదక్ కావచ్చు. "సారు లీవుల ఉన్నడు, సోమవారం రా" అంటారు. సోమవారం పోతే "హెడ్డాఫీసుకు రాసినం, అదే వస్తది" అంటారు. రెండు దినాల కూలి, రెండు మార్ల బస్సు కిరాయి పోయాయి. ఆ మనిషి మూడోసారి పోడు. పోకపోవడంతో లెక్క అక్కడే ఆగిపోతుంది.

ఆగాల్సింది ఆ తండ్రి కాదు.

అదనపు వసూలు చివరి కిస్తీ దగ్గరే పుట్టదు, మొదటి నుంచీ పుట్టవచ్చు. చదువుకునే కాలంలోనూ, వాయిదాలు మొదలయ్యే దాకానూ బారువడ్డీ మాత్రమే వేయాలన్నది భారతీయ బ్యాంకుల సంఘం నమూనా విద్యా రుణ పథకంలోనే ఉంది. అక్కడ చక్రవడ్డీ వేస్తే ఏమవుతుంది? లక్ష రూపాయలకు ఏడాదికి 10 శాతం చొప్పున అయిదేళ్లకు బారువడ్డీ 50,000. ఏటా అసలులో కలుపుకుంటూ పోతే 61,051. తేడా 11,051 రూపాయలు. తెలంగాణలో 2025-26 ఉపాధి హామీ కూలి రోజుకు 307 రూపాయలు. అంటే ఒక్క రూపాయి తక్కువగా 36 రోజుల చెమట. కాగితం మీద అది వడ్డీ గడిలో చిన్న అంకె. ఇంట్లో అది ఒక నెలకు పైబడిన తిండి.

కేంద్ర వడ్డీ రాయితీ సంగతి ఇంకా నొప్పి కలిగిస్తుంది. 2009-10 విద్యా సంవత్సరం నుంచి, తల్లిదండ్రుల ఏడాది ఆదాయం 4.5 లక్షల లోపు ఉన్న విద్యార్థులకు వృత్తి, సాంకేతిక కోర్సుల కాలంలో వడ్డీ కేంద్రమే భరిస్తోంది. కెనరా బ్యాంకు దీనికి నోడల్ బ్యాంకు. రాయితీ సొమ్ము వచ్చేలోపు భయపడి తల్లి గాజులు కుదువబెట్టి వడ్డీ కట్టేస్తే, ఆ తర్వాత వచ్చిన రాయితీ ఎక్కడికి పోవాలి? కట్టినవాళ్ల చేతికి పోవాలి, లేదా అసలులోంచి తగ్గాలి. ఏ తేదీన ఎంత వచ్చింది, ఎందులో జమ అయింది అని ఆ ఇంటికి తెలుగులో రాసిన ఒక్క కాగితం అందాలి. ఈ ప్రాంతంలో ఆ కాగితం అవసరం మరీ ఎక్కువ. మంజీరా గ్రామీణ బ్యాంకు 2006లో ఆంధ్రప్రదేశ్ గ్రామీణ వికాస్ బ్యాంకులో కలిసింది. దాని తెలంగాణ శాఖలు 2025 జనవరి 1న తెలంగాణ గ్రామీణ బ్యాంకులో కలిశాయి. స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాద్ 2017 ఏప్రిల్‌లో ఎస్‌బీఐ అయింది. బోర్డు మారినంత మాత్రాన బాకీ మారదు. పాత లెక్క చూపించే బాధ్యత కొత్త బోర్డుదే.

"సిస్టమ్ ఒప్పుకోదు" అనే జవాబును మేం అంగీకరించం. కరోనా మారటోరియం నాటి చక్రవడ్డీకీ బారువడ్డీకీ మధ్య తేడాను తిరిగి ఇవ్వాలని కేంద్రం 2020 అక్టోబర్ 23న పథకం ప్రకటించింది. రెండు కోట్ల లోపు ఉన్న పలు రకాల రుణాలకు వర్తించింది, విద్యా రుణాలకు కూడా. గడువు నవంబర్ 5. ఎవరూ దరఖాస్తు పెట్టలేదు, ఎవరూ కౌంటర్ ముందు నిలబడలేదు, డబ్బు ఖాతాల్లో పడింది. ఆ సొమ్ము తర్వాత ఖజానా నుంచి బ్యాంకులకు వచ్చేది కాబట్టి పదమూడు రోజులు సరిపోయాయి. తమ జేబులోంచి ఇవ్వాల్సినప్పుడు కూడా అదే కంప్యూటరు, అదే సిబ్బంది, అదే ఖాతా నంబరు ఉంటాయి.

చట్టం కొత్తగా రాయాల్సిన పని కూడా లేదు. పొరపాటున చెల్లించిన సొమ్మును పుచ్చుకున్నవాడు తిరిగి ఇవ్వాలని 1872 నాటి కాంట్రాక్టు చట్టం 72వ సెక్షన్ చెబుతోంది. రిజర్వ్ బ్యాంకు 2024 ఏప్రిల్ 29 సర్క్యులర్‌లో, డబ్బు చేతికివ్వకముందే మంజూరు తేదీ నుంచి వడ్డీ వేస్తున్న సంస్థలను, నెల మధ్యలో తీర్చినా నెల మొత్తానికి వడ్డీ గుంజుతున్న సంస్థలను తప్పుపట్టింది. బయటపడిన చోట అదనపు వడ్డీ వాపసు చేయమన్నట్టు చెప్పింది. విద్యా రుణం సెమిస్టరు సెమిస్టరుకూ విడతలుగా చేతికొచ్చే అప్పు కాబట్టి ఈ మాట దానికి అన్నిటికంటే ఎక్కువ తగులుతుంది. కానీ ఆ సర్క్యులర్‌లో రోజుకు ఇంత జరిమానా అన్న వాక్యం లేదు. ఇంటి పత్రాల విషయంలో మాత్రం అదే రిజర్వ్ బ్యాంకు 2023 సెప్టెంబర్‌లో గట్టిగా రాసింది: అప్పు తీరిన 30 రోజుల్లో పత్రాలు ఇవ్వాలి, ఆలస్యమైతే రోజుకు 5,000 రూపాయలు కట్టాలి. తాకట్టు పెట్టడానికి ఇల్లు ఉన్నవాడికి దొరికిన ఈ రక్షణ, చదువు తప్ప తాకట్టు లేని పిల్లకు ఎందుకు దొరకదు?

బ్రిటన్‌లో విద్యా రుణాన్ని జీతంలోంచే కోస్తారు. అప్పు తీరడానికి దగ్గరపడ్డవాళ్లను జీతం కోత నుంచి తప్పించి నేరుగా బ్యాంకు ద్వారా కట్టమని అక్కడి రుణ సంస్థే ముందుగా చెబుతుంది, ఒక పౌండు కూడా ఎక్కువ పోకుండా. చివరి ఏడాది జాగ్రత్త అంటే అదీ.

మా తీర్పు ఇది. ఖాతా మూసిన రోజే కిస్తీ కోత అనుమతి రద్దు కావాలి. ముప్పై రోజుల్లో రాయితీతో సహా మొత్తం లెక్క తెలుగులో ఇంటికి చేరాలి. అదనంగా పట్టింది, పట్టిన రోజు నుంచి రుణం మీద వేసిన వడ్డీ రేటుతోనే వాపసు రావాలి. గడువు దాటితే రోజుకింత జరిమానా పడాలి. రిజర్వ్ బ్యాంకు దీన్ని ఆదేశంగా రాయాలి, సలహాగా కాదు.

అంతవరకు ఇంట్లో గుర్తు పెట్టుకోవాల్సిన సంగతి ఒకటుంది. లోన్ స్టేట్‌మెంట్ మొదటి రోజు నుంచి అడిగి తీసుకోండి, నోటిమాట కాకుండా రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి రసీదు పుచ్చుకోండి. ముప్పై రోజుల్లో జవాబు రాకుంటే రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు పంపవచ్చు. ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు. 14448 నంబరులో తెలుగులో మాట్లాడతారు.

కలెక్టర్ అధ్యక్షతన జిల్లా బ్యాంకర్లు మూడు నెలలకొకసారి కూర్చుంటారు. పంట రుణాల లక్ష్యాలు చదువుతారు. మెదక్‌లో జరిగే వచ్చే సమావేశంలో గత అయిదేళ్లలో మూసిన ప్రతి విద్యా రుణ ఖాతా జాబితా బల్ల మీద ఉండాలి: చివరి కిస్తీ తేదీ, రాయితీ జమ అయిన తేదీ, ఎక్కువ పట్టింది ఎంత, తిరిగి ఇచ్చింది ఎంత. నాలుగో గడి ఖాళీగా ఉన్న ప్రతి శాఖ మేనేజరునూ ఆ గదిలోనే నిలబెట్టి కారణం అడగాలి.