మరిగిస్తే చాలదు

“నీళ్లలో బాగా మరిగించాం కదండీ, ఇంకా క్రిములెక్కడుంటాయి?” అని చాలామంది అడుగుతుంటారు. త్రాగే నీటి విషయంలో వారి మాట నిజమే. కలరా, టైఫాయిడ్ క్రిములు మరిగే నీటిలో చనిపోతాయి. కాని చర్మాన్ని కోసే, గుచ్చే పనిముట్లకు మరిగించడం చాలదని మేము గట్టిగా చెప్పదలిచాం.

ధనుర్వాతం కలిగించే బాక్టీరియా పరిస్థితులు అనుకూలించనప్పుడు సిద్ధబీజంగా, అంటే స్పోరుగా మారుతుంది. గట్టి పెంకు గల విత్తనం వాన కోసం మట్టిలో ఎదురుచూసినట్టే ఇదీ ఏళ్ల తరబడి ఎదురుచూస్తుంది. దాని లోపల నీరు బహు తక్కువ. అందువల్ల 100 డిగ్రీల వేడిలోనూ కొన్ని స్పోరులు బ్రతికి బయటపడతాయి. ఎండుగడ్డి కషాయాన్ని మరిగించినా చావని ఇలాంటి స్పోరులను జర్మన్ శాస్త్రవేత్త ఫెర్డినాండ్ కోన్ 1876లోనే వివరించారు.

దీనికి విరుగుడు ఆటోక్లేవ్. ఇది మన వంటింటి కుక్కర్ సూత్రమే. ఆవిరిని ఒత్తిడితో బంధిస్తే వేడి 121 డిగ్రీలకు చేరుతుంది. ఆ వేడిలో కనీసం 15 నిమిషాలు, మూట కట్టిన పనిముట్లను ఇంకొంత ఎక్కువసేపు ఉంచితే స్పోరులు నశిస్తాయి.

“చిన్న క్లినిక్కులో అన్ని సదుపాయాలు ఎలా కుదురుతాయి, కరెంటే సరిగా ఉండదు” అని కొందరంటారు. గ్యాస్ పొయ్యి మీద పనిచేసే ఆటోక్లేవులు కూడా ఉన్నాయి. కనుక కరెంటు సాకు కారాదు. “ఈ పనిముట్లు ఆటోక్లేవ్ చేసినవేనా?” అని అడగడం డాక్టరుగారిని అవమానించడం కాదు. అది రోగి హక్కు. మూట విప్పేవరకు ఓపికపట్టడం కూడా మన మేలుకే.

బాలింతలలో, నవజాత శిశువులలో ధనుర్వాతం మన దేశంలో నిర్మూలన స్థాయికి చేరిందని 2015లో నిర్ధారించారు. ప్రతి జిల్లాలోను వెయ్యి సజీవ జననాలకు ఒక శిశువు కంటే తక్కువమందికే వస్తున్నదని దాని అర్థం. అంతేగాని స్పోరులు పోలేదు. అవి మట్టిలో, పశువుల పేడలో ఇప్పటికీ ఉన్నాయి. కాబట్టి ఇంట్లో మరిగించిన బ్లేడుతో బొడ్డు కోయడం, కోసిన బొడ్డుకు పేడ, బూడిద పూయడం వద్దే వద్దు. కాన్పు ఆసుపత్రిలోనే జరగనివ్వండి. గర్భిణులకు, పిల్లలకు ధనుర్వాతం టీకాలు వేళ తప్పకుండా వేయించండి.

మట్టిలోని స్పోరులను మనం తుడిచివేయలేము. వాటికి మన ఒంట్లోకి దారి ఇవ్వకపోవడం మాత్రం మన చేతిలోనే ఉంది.